మనసులోని పేచీని పాత్రకి అప్పగించడం: కథకులకి అంచెలవారీ మార్గదర్శి

తనలో తనకి కుదరని సంగతేదో ఉంటే తప్ప చాలామంది కథ జోలికి రారు. వచ్చాక చేసే పొరపాటు మాత్రం దాదాపు ఒకటే. ఆ సంగతిని ఉన్నదున్నట్టు తెచ్చి, తన వయసూ తన ఉద్యోగమూ తన ఊరూ ఉన్న మనిషికి అంటగట్టి, పేరొక్కటి మారుస్తారు. ఇది రచయిత గోడేనని చదివేవాడికి రెండో పేజీలోనే తెలిసిపోతుంది. గోడు వెళ్లబోసుకున్నవాణ్ని జనం ఓదారుస్తారు, కాసేపు కూర్చుంటారు కూడా. కథ మాత్రం చదవరు.

ఆ పొరపాటు జరక్కుండా పని ఎలా నడపాలో ఇక్కడ వరసగా చెబుతున్నాం. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఉండి రాసేవాళ్లని దృష్టిలో పెట్టుకున్నాం కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడి కాలవల్లోంచీ చెరువుల్లోంచీ వచ్చినవే. కావలసిన సరంజామా పెద్దదేం కాదు: ఒక నోటుబుక్కు, రోజుకి అరగంట, అయిదారు వారాల ఓపిక. కొలతలన్నీ 2000 నుంచి 2500 మాటల కథని లెక్కలో పెట్టుకుని ఇచ్చినవి. నవలకైతే కొలతలు మారతాయి, వరస మారదు.

1. పేచీ ఎవరితోనో తేల్చుకోండి

"ఆస్తి పంపకంలో మా అన్న నాకు అన్యాయం చేశాడు." ఇది బాధ. లోపలి సంఘర్షణ అవునో కాదో ఇంకా తెలీదు. తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ అన్న రేపు పొద్దున్నే వచ్చి అర ఎకరం రాసిచ్చేశాడనుకోండి. మీ బాధ అక్కడితో తీరిపోతుందా? తీరిపోతే అది వ్యాజ్యం, దానికి ప్లీడరు గారు చాలు. అలా కాక, "రాసిచ్చాడు సరే, ఇప్పుడు వాడి ముందు నేను చిన్నబోయాను" అనో, "నాకు భూమి అక్కర్లేదు, అమ్మ నన్నొక మాట అడగాల్సింది" అనో ఇంకా లోపల మెదులుతూంటే అప్పుడు కథకి పనికొస్తుంది.

పని ఇలా మొదలుపెట్టండి. మూడు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు, చేత్తో రాయండి. ఆపొద్దు, దిద్దొద్దు, ఎవరి పేర్లు వాళ్లవే పెట్టేయండి. నాలుగో రోజు కూర్చుని చదివి, ఇంట్లోవాళ్ల కంట పడితే ముఖం చెల్లదనిపించే వాక్యాల కింద గీత గీయండి. పదిహేను పేజీల్లో అలాంటివి రెండో మూడో ఉంటాయి. మిగతాదంతా ఇదివరకే నలుగురికీ చెప్పేసిన సంగతే, అందుకే అది కథలో చప్పగా ఉంటుంది.

గీత గీసిన వాక్యాల్లోంచి ఈ నాలుగు ఖాళీలూ పూరించండి:

నాకు ఫలానాది కావాలి.
నాకు ఫలానాది కూడా కావాలి.
ఈ రెండూ ఒక చోట ఇమడవు, ఎందుకంటే ఫలానా.
ఇందులో ఫలానా సంగతి మాత్రం ఎవరికీ తెలియకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాంతోనే నడుద్దాం. బ్యాంకులో పనిచేసే రచయిత ఒకాయన ఉన్నాడనుకోండి. దగ్గరి బంధువు అప్పు అడిగాడు, కాగితాలు సరిగా లేవు, ఈయన కాదన్నాడు. ఆయన ఖాళీలు ఇలా పూరిస్తాడు: నావాళ్లకి నేను అక్కరకి రావాలి. నా చేతిలో ఉన్న పనిలో తప్పు చేయకూడదు. రెండూ ఒకచోట ఇమడవు, ఎందుకంటే నావాళ్లు అడిగేదే ఆ తప్పు. కాదన్నప్పుడు లోపల నాకు కాస్త గొప్పగా అనిపించిందని మాత్రం ఎవరికీ తెలియకూడదు.

నాలుగో వాక్యం చూడండి. మొదటి మూడూ ఏ ఉద్యోగస్తుడికైనా ఉండేవే, ఈయన సొంతం నాలుగోదే. అది దొరికేదాకా రెండో అంచెకి వెళ్లొద్దు.

ఇక్కడ పని చెడేది ఒకే రకంగా. రెండు కోరికల్లో ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ పెట్టుకుంటారు: "డబ్బు కావాలి, నిజాయితీ కూడా కావాలి" అన్నట్టు. ఎటు పోవాలో చదివేవాడికి ముందే తెలుసు, ఇక వాడికి పనేముంది? రెండూ మంచివైనా ఉండాలి, రెండూ చెప్పుకోడానికి సిగ్గుపడేవైనా ఉండాలి.

2. ఒళ్లు మార్చండి

ఇప్పుడు ఆ పేచీని మీ ఒంట్లోంచి తీసి ఇంకొకళ్ల ఒంట్లో పెట్టాలి. మార్చడానికి అయిదున్నాయి: వయసు, ఆడా మగా, చేసే పని, పేచీ ఎవరి దగ్గర తేలాలన్నది, తేడా వస్తే పోయేదేమిటన్నది. ఈ అయిదింట్లో కనీసం మూడు మార్చండి. మార్చకూడనివి కూడా ఉన్నాయి: ఆ రెండు కోరికలూ, ఆ దాపరికమూ.

ఎందుకింత పట్టుబట్టడమంటే, మనలాంటి మనిషి కాగితం మీద కనబడగానే మనం వాణ్ని వెనకేసుకురావడం మొదలెడతాం. వాడు తప్పు చేస్తే కారణం రాస్తాం, కారణం చాలకపోతే చిన్ననాటి కష్టం ఒకటి కలుపుతాం. పాత్ర యాభై ఏళ్ల ఆడమనిషో, అక్షరం రాని పడవ నడిపే సరంగో అయినప్పుడు ఆ లాలింపు తగ్గి, వాళ్లేం చేస్తారో చూడాలన్న కుతూహలం మొదలవుతుంది. బ్యాంకు గుమస్తాని ఎల్‌ఐసీ గుమస్తాగా మార్చి మార్చేశామనుకునేవాళ్లున్నారు. అది చొక్కా మార్చడమే.

పోయేది ఎప్పుడూ పెద్దదే అవ్వాలన్న భ్రమ కూడా వదులుకోండి. కోట్ల ఆస్తి కన్నా ఒక బస్తా ధాన్యం, ఒక పెళ్లి పిలుపు, కొబ్బరి దింపులో నాలుగు కాయల తేడా దగ్గర మనుషులు బాగా బయటపడతారు.

ఏమీ మార్చకుండా రాసిన మహానుభావులు లేరా అంటే ఉన్నారు. టాల్‌స్టాయ్ 1875 నుంచి 1877 దాకా ధారావాహికగా వెలువరించిన ‘అన్నా కరేనినా’లో లెవిన్ అనే జమీందారు పాత్ర ఉంది. బతుక్కి అర్థం కనబడక, ఉరేసుకుంటానేమోనన్న భయంతో ఇంట్లో తాడు దాచేస్తాడు, కాల్చుకుంటానేమోనని తుపాకీ పట్టుకు తిరగడం మానేస్తాడు. ఆ తర్వాత రాసిన ఆత్మకథలాంటి ‘కన్ఫెషన్’లో టాల్‌స్టాయ్ తన గురించి తాను చెప్పుకున్నదీ అదే తాడు, అదే తుపాకీ. అంటే లోకానికి తన పేరుతో చెప్పుకోకముందే పాత్ర చేత చెప్పించాడు. కానీ ఆయన చేసిన రెండో పని మనవాళ్లు గమనించరు. లెవిన్ పక్కనే, ఏ రకంగానూ తనలాంటిది కాని అన్నాని నిలబెట్టాడు. లెవిన్ దాటిన అగాధంలోనే ఆమె పడిపోతుంది. ఒంటి మార్పు పాత్రలో చేయకపోతే, ఆ పని పక్క పాత్రతో చేయించాలన్నమాట. మొదటి కథకే అంత బరువెత్తుకోవడం దేనికి? మూడు మార్చండి.

3. నిర్ణయం చేతిలో పడే పని వెతకండి

పాత్ర కిటికీ దగ్గర కూర్చుని ఆలోచిస్తే లోపలి సంఘర్షణ కనబడదు. ఆ మనిషి వృత్తిలోనే ఒక పనిముట్టు, ఒక వేళ, ఒక కాగితం ఉండి, అది తిప్పాలా వద్దా, ఇవ్వాలా వద్దా అన్నది చేతిలోకి రావాలి. ఈ విషయంలో డెల్టాలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఇక్కడ సగం పనులు ఒకరి నోటి దగ్గర నీళ్లో కూడో ఇంకొకరి చేతిలో పెట్టే పనులే.

రొయ్యల చెరువు కాపలాదారు సంగతి చూడండి. చెరువు నీళ్లలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోతే జనరేటరు వేసి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలి, లేకపోతే రొయ్య పైకి తేలిపోతుంది. అదే వేళకి ఇంట్లో భార్యకి నొప్పులొచ్చాయని ఫోనొస్తే? ఎవరినీ నిందించకుండానే పేచీ తయారైంది. వరిచేను పక్కనే చెరువు తవ్వడానికి భూమి లీజుకిచ్చిన రైతుకి ఇంకో రకం పేచీ: లీజు డబ్బుతో కూతురి చదువు గడుస్తుంది, ఉప్పు ఊటతో పక్కనున్న తమ్ముడి చేను చెడుతుంది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్‌లో ఇంటిపనికెళ్లిన తల్లి పంపే ప్రతి రూపాయీ ఆమె అక్కడే ఉండడానికి కారణమవుతూంటుంది. లంక ఊరి రేవులో పంటు నడిపేవాడు, రాత్రి కట్టేశాక అవతలి ఒడ్డు నుంచి కేక వినబడితే పడుకోగలడా?

మన బ్యాంకు ఉద్యోగి పేచీకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది కాలవ లస్కరు, అంటే తూముల షట్టర్లు తిప్పి చేలకి నీళ్లొదిలే ఉద్యోగి. ధవళేశ్వరం ఆనకట్ట కింద మూడు డెల్టాలూ కలిపి పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, గోదారి నిండుగా ఉంటుంది కాబట్టి నీటికి పెద్ద తగువుండదు. దాళ్వాకి, అంటే ఆ తర్వాతి రెండో పంటకి, నదిలో సొంత నీరు తగ్గిపోయి సీలేరు నుంచి వదిలే నీళ్ల మీద ఆధారపడాలి. అప్పుడు వంతులు పెడతారు. వంతు దాటి ఒక తూము షట్టరు లేపితే ఇంకో బోదె (పిల్లకాలవ) కింద చేలు ఎండుతాయి, శివారు భూములైతే మరీను. షట్టరు తిప్పే హ్యాండిలు ఉండేది లస్కరు దగ్గర. చెల్లెల్ని ఇచ్చిన ఊరు శివారున ఉంది. ఇంకేం కావాలి?

అప్పుకాగితం షట్టరు హ్యాండిలయింది, బంధువు చెల్లెలయింది, పోయేది చేనయింది. వయసు యాభై అయిదు చేద్దాం. రెండు కోరికలూ ఎక్కడివక్కడే ఉన్నాయి, కాదన్నప్పటి గొప్ప కూడా ఉంది.

ఏ పని ఎంచుకున్నా, ఆ పని చేసేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చుని అడిగి రండి. అడగాల్సినవి: పొద్దున్న లేవగానే మొదట ఏం చూస్తారు, ఏ చప్పుడు వింటే భయం, ఎవరు తిడతారు, ఏ తప్పు చేస్తే ఉద్యోగం పోతుంది. మనసులో ఏముందని మాత్రం అడగొద్దు, అది మీ దగ్గరే ఉంది.

4. పేచీని ఇద్దరికి పంచండి, గట్టివాదన అవతలివాళ్లకివ్వండి

ఒకే మనిషి లోపల రెండు గొంతులూ పెడితే కథ నసగా తయారవుతుంది. ఒక కోరికని లస్కరు దగ్గరుంచి, రెండోదాన్ని ఇంకో మనిషిగా నిలబెట్టండి. ఇక్కడ చెల్లెలు. ఎక్కువమంది చేతులెత్తేసేది ఈ అంచెలోనే, అందుకే కాస్త నిదానంగా చెబుతాం.

రచయితకి తను ఎటు మొగ్గుతాడో తెలుసు. బ్యాంకు ఆయన కాదన్నాడు, కాబట్టి కాదనడమే రైటని ఆయన నమ్మకం. కథలో కూడా లస్కరుకి మంచి మాటలూ, చెల్లెలికి ఏడుపూ ఇస్తాడు. చెల్లెలు కొంగు కళ్లకద్దుకుంటుంది, శాపనార్థాలు పెడుతుంది, ఆయన గంభీరంగా నిలబడతాడు. అయిపోయింది, అది కథ కాదు, సంజాయిషీ.

విరుగుడు ఏమిటంటే, కథ మొదలెట్టకముందే చెల్లెలి చేత పది వాక్యాలు మాట్లాడించండి. షరతులు మూడు. ఏడవకూడదు. ప్రేమ, రక్తసంబంధం లాంటి మాటలు వాడకూడదు. పదో వాక్యం అయ్యేసరికి మీరు ఓడిపోవాలి. మొదటి నాలుగు వాక్యాలూ అందరూ రాసేవే వస్తాయి. అయిదో దాని దగ్గర్నుంచి చెల్లెలు తెలివి మీరుతుంది:

"నీ జీతం ఆర్నెల్లు ఆగినప్పుడు బియ్యం ఏ ఊర్నించొచ్చాయన్నయ్యా? అప్పుడు ఎవరి వంతో అడిగేవా?"

"పెద్ద రైతు తోట తూముకి చిల్లు పడి రెండేళ్లయ్యింది. అది నీ కంటికి ఆనదు. మా రెండెకరాలే ఆనతాయి."

"నువ్వు కాదంటే ఊళ్లో నీకు పేరొత్తది. ఆ పేరుకి కూలి మేం ఇత్తన్నాం."

మూడోది చూశారా, నాలుగో ఖాళీలో దాచుకున్న దాన్ని ఆమె పసిగట్టేసింది. పది వాక్యాల్లో ఇలాంటిది ఒక్కటి తేలితే చాలు. కథలో దీన్ని ఆమె అనకపోవచ్చు, అనకపోతేనే మంచిది. కానీ ఆమె అది అనగల మనిషని మీకు తెలిశాక ఆమె ఊరికే గుమ్మంలో నిలబడినా బరువు వేరుగా ఉంటుంది.

ఇక మూడో మనిషి. షట్టరు లేపితే నష్టపోయే అవతలి బోదె కింద కౌలు రైతు. ఇతన్ని అమాయకుడిగా చేయొద్దు. నిరుడు ఇతనే రాత్రిపూట గట్టు తెంపి నీళ్లు మళ్లించుకున్నాడని ఊరంతా అనుకునేలా పెట్టండి, నోరు కూడా కాస్త దురుసుగా ఉండనివ్వండి. న్యాయం మంచివాడి పక్షాన ఉంటే లస్కరుకి కష్టం లేదు. నచ్చనివాడి పక్షాన ఉన్నప్పుడే కదా చెయ్యి వణికేది. ముగ్గురు చాలు. 2500 మాటల్లో నాలుగో మనిషికి చోటులేదు, టీకొట్టు ఆయనకి రెండు ముక్కలు తప్ప.

5. సంఘర్షణని మాటల్లో పెట్టకండి

పాత్రకి తన పేచీ గురించి రచయితకి తెలిసినంత తెలియకూడదు. "ఒకవైపు బాధ్యత, మరోవైపు బంధం, అతని హృదయం నలిగిపోయింది" అని రాసిన క్షణాన లస్కరు మాయమై ఆ కుర్చీలో బ్యాంకు ఉద్యోగి కూర్చుంటాడు. మనసులోని ఆలోచన నేరుగా చెప్పే వాక్యాలు కథ మొత్తంలో 150 మాటలు దాటకుండా చూసుకోండి. మిగతా భారం చేతులకీ, వస్తువులకీ, దాటవేసే మాటలకీ అప్పజెప్పండి.

చెల్లెలు అడగడానికొచ్చిన ఘట్టం ఇలా ఉండొచ్చు:

"చేను పొట్ట మీదుందన్నయ్యా."

"ఎల్లుండి మీ వంతేగా."

"ఎల్లుండికి బీటలిచ్చేత్తది."

"బావ ఇంజను ఎట్టలేదా?"

"మురుక్కాలవలో నీళ్లు ఉప్పెక్కిపోయాయి. ఎడితే ఉన్నది కూడా పోద్ది."

లస్కరు హ్యాండిలుకున్న గ్రీజు గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"పిల్లోడు బడికెల్తన్నాడా?"

"ఎల్తన్నాడు."

"టిఫిను చేసెల్లు. మీ వదిన ఇడ్లీ ఏసింది."

ఎక్కడా 'కాదు' అన్న మాట లేదు. టిఫిను చేసెళ్లమనడమే కాదనడం, అది ఇద్దరికీ తెలుసు. చేను పొట్ట దశలో ఉండగా నీరందకపోతే కంకి సరిగా తీయదు, తాలు పెరుగుతుంది. ఈ సంగతి ఇక్కడి పాఠకుడికి చెప్పక్కర్లేదు, బయటివాళ్లకి కూడా ఆమె తొందర చూస్తే తెలుస్తుంది. యాస ఎంత పెట్టాలన్నది చాలామంది అడుగుతారు. క్రియల చివర్లలోనూ పిలుపుల్లోనూ ఉంటే సరిపోతుంది. ప్రతి మాటనీ వంకర తిప్పి రాస్తే పాత్ర మీద వెటకారంలా తయారవుతుంది.

మరి ఆ దాచుకున్న గొప్ప? అది కూడా పనిలోనే రావాలి. చెల్లెలు వెళ్లిన గంటకి లస్కరు టీకొట్టు దగ్గర, ఎవరూ అడక్కుండానే, కాస్త గొంతు పెంచి "మన కాలవలో అంగుళం తేడా రాదు" అంటాడు. టీ వడగడుతున్నాయన తలెత్తకుండా "ఆయ్, మరేనండి. ఇందాక మీ చెల్లిగారు టిఫినన్నా చేయకుండా ఎల్లిపోయారు" అంటాడు. వివరణ ఒక్క ముక్క కూడా కలపొద్దు. రచయిత ఎవరికీ చెప్పుకోలేని వాక్యం అంతా ఆ రెండు మాటల మధ్య ఉంది.

ఇది రాసేటప్పుడు ఒళ్లు మండినట్టో సిగ్గేసినట్టో ఉంటే సరైన చోటే ఉన్నారు. నిద్ర పట్టనంతగా, పని చేసుకోలేనంతగా కలతపెడుతూంటే మాత్రం ఆపేయండి. అది కథ తీర్చే సంగతి కాదు, డాక్టరుకి చెప్పుకోవలసినది.

6. గడువు బిగించండి

డెల్టాలో గడువుకి వెతుక్కోనక్కర్లేదు. జూన్‌లో కాలవలకి నీళ్లొదిలేది, దాళ్వా ఆఖర్న కాలవలు కట్టేసేది, సంక్రాంతికి ఆడపిల్లలూ అల్లుళ్లూ దిగేది, ఆగస్టు వరదలూ, నవంబరు తుపాన్లూ అన్నీ కేలండర్లో ఉన్నాయి. లస్కరు కథకి ఫిబ్రవరి ఆఖరో మార్చి మొదలో పెట్టి, మొత్తం రెండు రోజుల్లో ముగించండి. వంతు ఎల్లుండి. ఉన్నది రేపు రాత్రి.

ఉపద్రవాల దగ్గర ఒక హెచ్చరిక. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను ఇక్కడివాళ్ల జ్ఞాపకంలో బలంగా ఉన్నాయి కాబట్టి కథ చిక్కుపడగానే గాలీ వానా తెచ్చి ముడి విప్పేయాలనిపిస్తుంది. వాన కురిసి చెల్లెలి చేను తడిసిపోతే లస్కరు తప్పించుకున్నాడు, ఆయనతోపాటు రచయితా తప్పించుకున్నాడు. ఉపద్రవం రావాల్సింది ముడి బిగించడానికి. పశ్చిమగోదావరి తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ని ఈ కోణంలో చదవండి. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి పొందిన కథ అది. నియమాలతో బతుకుని చక్కగా సర్దుకున్న పెద్దమనిషిని తుపాను రాత్రి ఒక స్టేషన్లో, ఒక బిచ్చగత్తె పక్కన నిలబెడుతుంది. గాలి ఆయన సమస్య దేన్నీ తీర్చదు. ఆయన వేసుకున్న పై తొడుగులన్నీ ఊడబెరికి, లోపలున్న మనిషిని ఆయనకే చూపిస్తుంది. తుపాను తర్వాత నష్టం లెక్క కూడా మర్చిపోకండి. కూలిన కొబ్బరిచెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకి రావడానికి అయిదారేళ్లు పడుతుంది, పాత్రకి కూడా అంత పడుతుంది.

7. తీర్పు ఇవ్వకండి, ధర కట్టండి

ముగింపు రాయకముందు రెండు చిత్తుప్రతులు చేయండి, ఒక్కోటి 300 మాటలు. ఒకదాంట్లో లస్కరు ఆ రాత్రి షట్టరు లేపుతాడు. ఇంకోదాంట్లో లేపడు. రెండింట్లోనూ ఆయన పోగొట్టుకున్నదేమిటో ఒక వస్తువు రూపంలో కనబడాలి. లేపితే: పొద్దున్నే కౌలు రైతు వచ్చి తిట్టకుండా, నీటి సంఘం ఆఫీసుకి వెళ్లకుండా, వట్టిగా నీటి మట్టం చూపే గేజి గీత వైపు చూసి వెళ్లిపోతాడు. లేపకపోతే: కోతలయ్యాక ఏటా చెల్లెలి ఇంటి నుంచి వచ్చే కొత్తబియ్యం సంచీ ఈసారి కూడా వస్తుంది. అలిగి పంపకపోవడం కన్నా పంపడమే ఎక్కువ కోత.

రెండు చిత్తుల్లో ఏది రాస్తుంటే మీకు హాయిగా ఉందో దాన్ని పక్కన పెట్టేయండి. హాయిగా ఉందంటే బ్యాంకులో చేసిన పనికి కథలో సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నారన్నమాట. ఇది మా పట్టుదల, దీన్ని ఒప్పుకోని మంచి రచయితలు ఉన్నారు. కానీ మొదటి పది కథల వరకు ఈ నియమం నష్టం చేయదు.

చివరి పేరాలో పాత్రకి జ్ఞానోదయం అయిందంటే కొట్టేయండి.

8. ఆరబెట్టి, కారేచోట్లు పట్టుకోండి

చిత్తు పూర్తయ్యాక మూడు వారాలు ముట్టుకోకండి. తర్వాత పెన్సిలు పట్టుకుని, రచయిత కారిపోయిన చోట్లు వెతకండి. అవి ఎక్కువగా ఇలా దొరుకుతాయి.

పాత్ర తనకి రాని భాషలో ఆలోచిస్తుంది. లస్కరు "అస్తిత్వం", "నిస్సహాయత" లాంటి మాటలతో బాధపడడు. "ఏదో తెలియని బాధ", "ఎందుకో", "ఆ క్షణంలో అనిపించింది" అన్నవి కనబడితే, అక్కడ రచయితకి సంగతి తెలిసి కూడా చెప్పడానికి జంకాడని అర్థం. తెలియనిదేమిటో రాయండి, లేదా వాక్యమే తీసేయండి. అందరూ ఒకే పొడవు వాక్యాలు మాట్లాడుతుంటే, మాట్లాడేది మీరొక్కరే. గొంతెత్తి చదివితే ఇది చెవికి వెంటనే తగులుతుంది.

పగ తీర్చుకున్న చోట్లు వేరే రకం. నిజ జీవితంలో మిమ్మల్ని అవమానించినవాడు కథలో పొట్టిగా, నల్లటి పళ్లతో, కిళ్లీ నములుతూ కనబడతాడు. కథకి ఆ పళ్లతో పనుందా? లేకపోతే పీకేయండి. దీనికి తలకిందులు కూడా జరుగుతుంది: తన మీద తనకున్న కోపంతో పాత్రని అక్కర్లేని దెబ్బలు కొట్టడం. లస్కరుకి ఉద్యోగం పోయి, భార్య చచ్చిపోయి, కొడుకు తాగుబోతయ్యాడంటే అది ఆత్మవిమర్శ కాదు, తన్నుకోవడం. ఒక నష్టం ఉంచి మిగతావి కొట్టేయండి.

ఆఖరుది ఇంటివాళ్ల సంగతి. మూడు మార్పులు సరిగ్గా చేసి ఉంటే ఎవరూ గుర్తుపట్టరు. అయినా నిజమైన మనిషి ఊతపదం, ఒంటి మీద గుర్తు, ఇంటిపేరు, పెళ్లి జరిగిన ఏడు లాంటివి చిత్తులో మిగిలిపోయాయేమో చూసి మార్చేయండి. ఊళ్లో ఊతపదం చాలు, మనిషిని పోల్చేసుకుంటారు. తమాషా ఏమిటంటే, మీరు ఎవర్ని పెట్టారో వాళ్లు గుర్తుపట్టరు, పెట్టనివాళ్లు నలుగురు "ఇది మా గురించే కదూ" అని వస్తారు. వాళ్లకి సర్ది చెప్పడం అనవసరం.

అచ్చుకి పంపే ముందు ఇద్దరి చేత చదివించండి. ఒకరు మిమ్మల్ని బొత్తిగా ఎరగనివాళ్లు, ఇంకొకరు ఆ వృత్తి తెలిసినవాళ్లు. బాగుందా అని అడక్కండి. ఎరగనివారిని అడగాల్సింది: ఈ ముగ్గురిలో రచయిత ఎవరనుకుంటున్నారు? లస్కరేనని వెంటనే అంటే నాలుగో అంచెకి తిరిగి వెళ్లి చెల్లెలి పది వాక్యాలూ మళ్లీ రాయండి. కాస్త తటపటాయించి చెల్లెలని గానీ కౌలు రైతని గానీ అంటే పని కుదిరినట్టే. వృత్తి తెలిసినవారిని అడగాల్సింది ఒక్కటే: షట్టరు హ్యాండిలు అలా తుడుస్తారా, తుడవరా?